రెండో వరస పేస్టు

పోయిన వారం మన పళ్ళ డాక్టరుని కారు షెడ్డులో, పెద్దావిడ కింద వెల్లకిలా పడుకోబెట్టి వదిలేశాం. ఇంకో వారం అలాగే ఉంచినా నాకేమీ అభ్యంతరం లేదు. ఆయన నోటి దురుసుకి ఆ సిమెంటు నేల తక్కువ శిక్షే. కానీ కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళూ ఉంటారు కదా, వాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్దాం.

పెద్దావిడంటే మనిషి కాదు, కారు. రెండే తలుపులు, ఆరు సిలిండర్లు, టర్బో, ఎక్కువ వేగం కోసమే పుట్టిన ఒళ్ళు. ఆ ఒంటి మీద ఇప్పటికి మూడు లక్షల కిలోమీటర్లు దాటాయి. పెళ్ళికి ముందే డాక్టరు జీవితంలోకి వచ్చింది కాబట్టి ఆయన భార్యే దానికి ఆ పేరు పెట్టింది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే "ఆవిడ పెద్దావిడ, నేను చిన్నావిడ" అని పరిచయం చేసేది. ఆ పెద్దావిడ ఒంట్లో బాగోగులన్నీ డాక్టరే ఇంట్లో స్వయంగా చూసుకుంటాడు. పుస్తకంలో రాసిన గడువు సగం అయ్యేసరికే ఆయిల్ మారుస్తాడు. ఇంజన్ వేడెక్కేదాకా యాక్సిలరేటరు మీద కాలు ఆనించీ ఆనించనట్టు పెడతాడు. దూరం వెళ్ళొస్తే టర్బో చల్లబడాలని గుమ్మం ముందు కారు ఆపకుండా కూర్చుంటాడు, లోపల అన్నం చల్లబడిపోతున్నా సరే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టరుని రంపంతో కోసి, లోపలి కాగితాన్ని మడత మడతా విప్పి, దీపం కింద పరిచి, లోహపు పొడి మెరుస్తోందేమోనని చూస్తాడు. ఇంటికొచ్చిన చుట్టాలకీ చూపిస్తాడు. వాళ్ళు ఏమనాలో తెలీక "ఆహా" అంటారు.

చివరిసారి ఆ పొడి మెరిసింది. ఆయన భార్య తమ్ముడు, డ్రైవింగు స్కూల్లో కార్లు నేర్పే కుర్రాడు, ఒక పొద్దున పెద్దావిడని కొండదారిలో తిప్పుకొస్తానని తీసుకెళ్ళి, లాగుడు బండి మీద ఎక్కించి తీసుకొచ్చాడు. ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు. ఫిల్టరు కోస్తే కాగితం నిండా రాగి పొడి. అంటే లోపల బేరింగులు అరిగాయన్నమాట. ఇంకేముంది, డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. భోజనాల దగ్గర చుట్టాలందరి ముందూ "ఇంజన్ మీద దయ లేని మనిషివిరా నువ్వు, ఇంకెప్పుడూ నా ఇంట్లో తాళంచెవి ముట్టుకోకు" అన్నాడు. బావమరిది కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. అక్కగారు భర్తతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడటం మానేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మర్నాడు ఒక కార్ల కంపెనీలో, కొత్త కార్లు నడిపి పరీక్షించే ట్రాక్‌కి మేనేజరు, దవడ పన్ను నొప్పితో డాక్టరు కుర్చీలో వాలాడు. "మీ బావమరిది మా దగ్గర టెస్టు డ్రైవరు పనికి దరఖాస్తు పెట్టుకున్నాడండీ. మనిషి ఎలాంటివాడు?" అని అడిగాడు. ఆ ఉద్యోగం కుర్రాడికి ఎంత ముఖ్యమో డాక్టరుకి తెలుసు. మీసాలు రాకముందు నుంచీ వాడు కలవరించేది దాని గురించే. అయినా కోపం ఇంకా చల్లారలేదు. వాడు ఇంజన్ పాడు చేశాడని మొదలుపెట్టి నోటికొచ్చినదంతా చెప్పేశాడు. ఆ సంగతి భార్యకి మాత్రం చెప్పలేదు.

ఇదీ వరస. ఇప్పుడు షెడ్డులోకి పదండి.

*

ఆదివారం పొద్దున. పైన అడ్డంగా వేసిన ఇనప కమ్మీకి ఇంజన్ గొలుసులతో వేళ్ళాడుతోంది. ముందు చక్రాల మధ్య ఉండే బరువైన చట్రాన్ని డాక్టరు కిందికి దించి పక్కన పెట్టాడు. ఇక ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్, అంటే నూనె నిలవుండే తొట్టి, ఒక్కటే మిగిలింది. అది ఊడితే పైన బేరింగులు కనబడతాయి. అరిగిన బేరింగులు తీసి ఫొటోలు తీసి, కారు మిత్రులందరికీ పంపించాలని ఆయన ముందే అనుకున్నాడు. కింద ఏం రాయాలో కూడా అనుకున్నాడు. "చేతులు మారితే ఇంతే."

బోల్టులన్నీ వచ్చేశాయి. చాంబర్ మాత్రం కదల్లేదు. ఎవడో గానీ మహా గట్టిగా అంటించాడని విసుక్కోబోయి, అంటించింది తనే అని గుర్తొచ్చి ఊరుకున్నాడు. చెక్కముక్క ఆనించి సుత్తితో చుట్టూ మెల్లిగా తడుతూ పోయాడు. చివరికి చప్పుడు లేకుండా ఒక మూల వదిలింది. రెండు చేతులతో పట్టుకుని గుండెల మీదికి దించుకున్నాడు.

చాంబర్ అంచు వెంబడి, లోపలి వైపు, బూడిదరంగు రబ్బరు వానపాముల్లా వేళ్ళాడుతోంది. అది అతుకుకి పూసే పేస్టు. గట్టిపడితే రబ్బరవుతుంది. కొన్నిచోట్ల లావుగా ఉంది, కొన్నిచోట్ల తెగిపోయి ఖాళీగా ఉంది. తెగిన ముక్కలు తొట్టి అడుగున లేవు.

డాక్టరు దీపం పైకెత్తాడు. తొట్టిలోంచి నూనె పీల్చి ఇంజన్‌కి పంపే గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతికి చిన్న ఇనప జల్లెడ. ఆ జల్లెడ కన్నాలు కనబడటం లేదు. తెగిన ముక్కలన్నీ అక్కడికే చేరి, ఒకదాని మీద ఒకటి పడి, చాపలా అల్లుకుపోయాయి. ఏ మూలో కాస్త సందు మిగిలింది, అంతే. ఆ రోజు కింద తొట్టి నిండా మేలైన నూనె, గడువుకి ముందే మార్చిన నూనె. పైన బేరింగులకి మాత్రం గుక్కెడు అందలేదు.

ఆ పేస్టు తను ఎప్పుడు పూశాడో ఆయనకి గుర్తొచ్చింది.

పోయిన చలికాలంలో చాంబర్ అతుకు దగ్గర చెమ్మ కనబడింది. బొట్టు కూడా కాదు, చెమ్మ. ఇంకొకరైతే గుడ్డతో తుడిచి ఊరుకునేవారు. డాక్టరు ఊరుకుంటాడా? ఇంతా విప్పి, పాత పేస్టంతా గీకి, కొత్తది పూశాడు. పుస్తకంలో అగ్గిపుల్ల మందాన ఒక్క వరస చాలని బొమ్మ వేసి మరీ చూపించారు. పూసి చూస్తే ఆయన కంటికి అది ఆనలేదు. పెద్దావిడకి ఇంత పిసినారితనమా అనిపించింది. దాని మీద రెండో వరస పూశాడు, బ్రష్షు మీద టూత్‌పేస్టు వేసినంత ధారాళంగా. బోల్టులు బిగిస్తుంటే పేస్టు పిండుకుని బయటికొచ్చింది. బయటికొచ్చినదాన్ని బొటనవేలితో నున్నగా తుడిచి, తన పనితనానికి తనే మురిసిపోయాడు. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వస్తుందన్న ఆలోచన రాలేదు. వేడి నూనెలో నాని అది తెగుతుందనీ, తెగితే ఎక్కడికి పోతుందనీ ఆలోచన రాలేదు. చిన్న పిల్లాడికైనా వస్తుంది. ఆయనకి రాలేదు. ప్రేమ ఎక్కువై రాలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. కొండదారిలో ఏం జరిగిందో బావమరిది ఆ రోజే చెప్పాడు. "ఆయిల్ ఎర్రదీపం ఒక్కసారి మినుకుమంది బావా. వెంటనే ఆపేశాను. మళ్ళీ తాళం తిప్పలేదు." డాక్టరు అందరి ముందూ వెక్కిరించాడు. "చంపేసి, ఆ తర్వాత స్ట్రెచర్ మీద తెచ్చాడు" అని. ఇప్పుడు ఒక బేరింగు మూత విప్పి, బేరింగుల మధ్య తిరిగే షాఫ్టు మీద గోరు పెట్టి గీశాడు. గోటికి ఏమీ తగల్లేదు. నున్నగా ఉంది. బేరింగులు అరిగాయి గానీ షాఫ్టు బతికే ఉంది. ఇంకొక్క మలుపు దాటి నడిపి ఉంటే ఇంజన్ మొత్తం బిగిసిపోయేది. పెద్దావిడ ప్రాణం పోసినవాణ్ణే ఆయన హంతకుడని ఇంట్లోంచి గెంటేశాడు.

డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. షెడ్డులో ఎవరూ లేకపోయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దీపం ఆర్పేశాడు. దాంతో ఏమీ తగ్గలేదు. మళ్ళీ వెలిగించాడు.

సరే, తప్పు తెలిసింది, ఇక లేచి వెళ్ళి బావమరిది కాళ్ళ మీద పడతాడని మీరనుకుంటున్నారేమో. మీరు మంచివాళ్ళు. డాక్టరు చేసింది వేరు. క్లినిక్ నుంచి తెచ్చుకున్న సన్నటి పట్టకారుతో జల్లెడ మీద ముక్కల్ని ఒక్కొక్కటే పీకాడు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని గొట్టంలోకి వంచి ఇంకేమైనా మిగిలాయా అని చూశాడు. పీకిన ముక్కల్ని టిష్యూ కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చాంబర్ అంచునున్న రబ్బరునంతా గీకేశాడు. జల్లెడని పెట్రోలుతో కడిగితే కొత్తదానిలా మెరిసింది. చేతులు ఆ పని ఎంత నేర్పుగా చేశాయంటే, చూస్తూ ఉన్న ఆయనకే అసహ్యమేసింది. అయినా ఆపలేదు.

*

అప్పుడే భార్య కాఫీ తెచ్చింది. ఆవిడ పిల్లలకి ఈత నేర్పే టీచరు. గొంతు ఎత్తితే కొలనుకి ఆ చివర మునిగినవాడికి కూడా వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం మెల్లిగా మాట్లాడింది.

"తమ్ముడొస్తున్నాడు. ఫోను చేశాడు. మీరేమీ అనకండి."

డాక్టరు కారు కింద నుంచి బయటికి జరిగాడు. లేవలేదు.

"ఎందుకు?"

"వాడి ఇష్టం. వాడి అక్క ఇల్లు." గ్లాసు నేల మీద పెట్టింది. భర్త మొహం వైపు చూసింది. మునగబోయే పిల్లల్ని అందరికంటే ముందు కనిపెట్టే కళ్ళు అవి. "అలా ఉన్నారేంటి? ఏం దొరికింది లోపల?"

"బేరింగులే. అరిగాయి."

"వాడి వల్లేనా?"

ఇదిగో, ఇక్కడే. ఒక్క మాటతో బయటపడే దారి ఆవిడే తెరిచి పెట్టింది. జేబులో టిష్యూ పొట్లం గుండెకి ఆనుకుని ఉంది.

"ఆ... అలాంటిదే. అరుగుదలే కదా, ఏదో ఒకటి..."

"ఏదో ఒకటేంటండీ? మూడు వారాలుగా వాడి వల్లే, వాడి వల్లే అని గుండెలు బాదుకున్నారు. ఇప్పుడు ఏదో ఒకటా?"

"వాడి వల్లే" అన్నాడు డాక్టరు.

అన్నాక గ్లాసు తీసుకుని కాఫీ తాగాడు. నాలుక కాలింది. కాలాల్సిందేనని అనుకున్నాడు.

బావమరిది గేటు దగ్గర చెప్పులు విడిచి వచ్చాడు. షెడ్డులోకి చెప్పులెందుకు విడవాలో వాడికే తెలియాలి. మనిషి చిక్కాడు. గెడ్డం పెరిగింది. చేతిలో అట్టపెట్టె. షెడ్డు గడప దగ్గరే ఆగిపోయి అక్క వైపు చూశాడు. అక్క తల ఊపాక లోపలికొచ్చాడు.

"బావా, కోప్పడకు. రెండు నిమిషాలు మాట్లాడి వెళ్ళిపోతాను."

డాక్టరు చూపు అట్టపెట్టె మీదికి పోయింది.

"ఇవి బేరింగులు. పెద్దావిడకి సరిపోయేవే. కంపెనీ వాళ్ళు ఇవి చెయ్యడం ఎప్పుడో మానేశారట కదా, ఊళ్ళన్నీ గాలించి పట్టుకున్నాను." పెట్టెని బల్ల మీద దేవుడి ముందు పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. "నువ్వన్నది నిజమే బావా. ఎంత ఆలోచించినా నేనేం తప్పు చేశానో తెలియలేదు. వేడెక్కాకే తొక్కాను. ఇంజన్ ముల్లుని ఎర్రగీత దగ్గరికి కూడా పోనివ్వలేదు. కానీ నీకు తెలియనిది నాకేం తెలుస్తుంది? నువ్వు అన్నావంటే అయ్యుంటుంది. నన్ను క్షమించు."

వంగి కాళ్ళు ముట్టుకోబోయాడు. డాక్టరు పాము కరిచినట్టు వెనక్కి జరిగాడు. తల వెళ్ళి చట్రానికి కొట్టుకుంది. దెబ్బ గట్టిగానే తగిలింది.

"వద్దురా, వద్దు" అన్నాడు తల పట్టుకుని.

"కోపం పోలేదు కదూ?"

"అది కాదు."

"పోనీ పని చెప్పు బావా. బోల్టులు తుడవమన్నా తుడుస్తాను. ఊరికే నిలబడలేను." అని చొక్కా చేతులు మడిచి, అక్క వద్దంటున్నా వినకుండా కారు కిందికి దూరాడు. పెద్దావిడ ఒళ్ళు విప్పి ఉండటం చూడగానే వాడి గొంతు మారిపోయింది. ఆస్పత్రిలో మాట్లాడినట్టు చిన్నగా మాట్లాడాడు. "షాఫ్టు బాగుంది కదా బావా? హమ్మయ్య. నేను దాన్నే తలుచుకుని చచ్చిపోయాను. ఇదేంటి, ఇక్కడ ఏదో వేళ్ళాడుతోంది."

డాక్టరు చెయ్యి జేబు మీదికి పోయింది.

"చాంబర్ కూర్చునే అంచు మీద. రబ్బరు పోగులా ఉంది. నీ కంట పడినట్టు లేదు." కారు కింద నుంచి నల్లటి చెయ్యి ఒకటి బయటికొచ్చింది. వేళ్ళ మధ్య సన్నటి బూడిదరంగు పోగు. "తీసేశాను బావా. చూసుకో, ఇలాంటివి లోపల పడితే జల్లెడకి అడ్డం పడతాయి. మళ్ళీ పెద్దావిడకి కష్టం."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. అనుమానం లేదు. అదే డాక్టరుని చంపేసింది. తెలిసి అన్నా తట్టుకునేవాడు. బుకాయించేవాడు, అరిచేవాడు, ఏదో ఒకటి చేసేవాడు. తెలియకుండా, పెద్దావిడ మీద ప్రేమతో అన్న మాటకి ఎదురు చెప్పే దారి లేకపోయింది.

జేబులోంచి టిష్యూ పొట్లం తీసి నేల మీద విప్పాడు.

"బయటికి రారా."

బావమరిది వచ్చాడు. అక్క దగ్గరికొచ్చి వంగి చూసింది. ఏమిటో ఆవిడకి అర్థం కాలేదు. వాడికి అర్థమవుతోంది గానీ నమ్మలేకపోతున్నాడు.

"ఇవన్నీ జల్లెడ మీద ఉన్నాయి" అన్నాడు డాక్టరు, నేల వైపే చూస్తూ. "చలికాలంలో నేను పూసిన పేస్టు. ఎక్కువ పూశాను. ఒక్క వరస పూయమంటే రెండు పూశాను. అది లోపల తెగి, జల్లెడకి అడ్డం పడి, నూనె అందక... నువ్వు కొండదారికి తీసుకెళ్ళకపోయినా ఆ వారమో పై వారమో అది నా చేతిలోనే పోయేది. నా చేతిలో పోతే నేను ఆపేవాణ్ణి కూడా కాదు. దీపంలో లోపమని అనుకునేవాణ్ణి. నా పనిలో లోపముంటుందని నాకు తట్టదు. నువ్వు ఆపావు కాబట్టి షాఫ్టు మిగిలింది."

షెడ్డులో గొలుసు కిర్రుమంది.

"అయితే నేను కాదా?" అన్నాడు బావమరిది.

"కాదు."

"నేను కాదా బావా?"

"కాదురా."

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. నూనె చేతుల్తోనే మొహం కప్పుకున్నాడు. "ఈ మూడు వారాలూ స్కూల్లో నేర్పలేకపోయాను అక్కా. ఏ కారు ఎక్కినా నా వల్ల పాడైపోతుందేమోనని భయం. నేర్చుకునేవాళ్ళు గేరు మారుస్తుంటే నాకు చెమటలు పట్టేవి. ఇక ఈ పని నాకు రాదేమో, మానేద్దామా అనుకున్నాను." వేళ్ళ సందుల్లోంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది.

అక్క తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. కళ్ళు మాత్రం భర్త మీదే ఉన్నాయి.

"ఇందాక నేనడిగాను" అంది. "కాఫీ ఇస్తూ, ఎదురుగా నిలబడి అడిగాను. అప్పటికే మీ జేబులో ఉన్నాయవి."

డాక్టరు టిష్యూ అంచుని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"పేస్టు ఎక్కువ పూస్తే పూశారు. ఎవరైనా పొరపాటు చేస్తారు. వాణ్ణి అనడం కోపంలో అన్నారనుకుంటాను. కానీ తెలిశాక కూడా వాడి మీదే పెట్టారు చూడండి..." మాట మధ్యలోనే ఆపుకుంది. "సరే. ఇప్పుడు చెప్పారు కదా, అదే మేలు. ఇంకేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి. అన్నీ ఒక్కసారే వింటాను, ఒక్కసారే ఏడుస్తాను. మళ్ళీ మళ్ళీ నా వల్ల కాదు."

ఆ మాటకి డాక్టరు మొదటిసారి తలెత్తాడు. క్లినిక్ కుర్చీ, మేనేజరు తెరిచిన నోరు, దాని మీదికి వంగి తను అన్న మాటలు అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. నిజంగానే వచ్చాయి, నేను సాక్ష్యం. కానీ ఆవిడ కళ్ళల్లో అప్పుడే కొంచెం మెత్తదనం కనబడింది, మూడు వారాల తర్వాత. అది మళ్ళీ పోతుందేమోనన్న భయం పట్టుకుంది. సిగ్గుపడటానికి కూడా మనిషికి కొంత సత్తువ కావాలి. ఆ పూటకి ఉన్నదంతా ఖర్చయిపోయింది.

"ఇంకేం లేదు" అన్నాడు.

బావమరిది మొహం తుడుచుకుని లేచాడు. ఉతికి ఆరేసిన బట్టలా తేటగా ఉన్నాడు. బావ దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. "పోనీలే బావా. రెండో వరస నేనైనా పూసేవాణ్ణేమో. పెద్దావిడంటే మరి." నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి డాక్టరుకి నేలలోకి దిగబడిపోవాలనిపించింది. వాడు అంత త్వరగా క్షమించకుండా ఉండాల్సింది.

"అక్కా, నీకింకో సంగతి చెప్పలేదు" అన్నాడు తమ్ముడు. "ఆ టెస్టు డ్రైవరు ఉద్యోగం. పరీక్షలన్నీ పాసయ్యాను. చివర్లో మేనేజరు ఆపేశాడు. నేను ఇంజన్ పాడు చేశానని ఎవరో నమ్మకమైన మనిషి చెప్పాడట. ఎవరో చెప్పమంటే చెప్పలేదు. నిజంగానే పాడు చేశాను కదా అని నేనూ గట్టిగా అడగలేదు. నోరు మూసుకుని వచ్చేశాను."

"ఎవడు వాడు?" అంది అక్క. ఈసారి గొంతు కొలను ఆ చివరిదాకా వెళ్ళింది. "వాడి నోరు పడిపోను. మన ఇంట్లో జరిగింది వాడికెలా తెలిసింది?"

డాక్టరు నేల మీది ముక్కల్ని ఏరుతున్నట్టు వంగాడు.

"ఎవడైతే ఏంటక్కా. రేపు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇవాళే చెప్పాలి." ఫోను తీశాడు. "బావే చెప్తాడు. ఇంజన్ విప్పి చూసినవాడు, కారు సొంతదారు. బావ మాట కంటే ఆయనకి ఇంకేం సాక్ష్యం కావాలి? దీపం వెలగగానే ఆపేశానని చెప్పు బావా, అది చాలు. టెస్టు డ్రైవరులో వాళ్ళు చూసేది అదే."

"ఇప్పుడా? ఆదివారం కదరా" అన్నాడు డాక్టరు. "పెద్దమనిషి ఇంట్లో ఏ పనిలో ఉంటాడో ఏమో. నేనే రేపు పొద్దున్నే వెళ్ళి విడిగా మాట్లాడతాను."

"రేపెందుకండీ?" అంది భార్య. "మూడు వారాలు వాడు మోశాడు. ఒక్క ఫోను మీరు మోయలేరా?"

ఫోను అప్పటికే మోగుతోంది. బావమరిది స్పీకరు నొక్కి, దాన్ని పెద్దావిడ ముందు చక్రం పైనున్న రేకు మీద, ముగ్గురికీ వినబడేట్టు పెట్టాడు. డాక్టరు భార్య వైపు తిరిగాడు. "ఒక్క నిమిషం. ఒక సంగతి..." అన్నాడు. అంతలో అవతల ఫోను ఎత్తారు.

"నమస్కారం సార్, నేనండీ" అన్నాడు బావమరిది హుషారుగా. "ఆ ఇంజన్ విషయంలో పొరపాటు జరిగింది సార్. తప్పు నాది కాదని తేలింది. మా బావగారు పక్కనే ఉన్నారు. ఆయనే చెప్తారు."

అవతల నుంచి మేనేజరు గొంతు, నమ్మలేనట్టు, మెల్లిగా వచ్చింది.

"మీ బావగారా? పళ్ళ డాక్టరే కదా?"

డాక్టరు చెయ్యి చాచాడు. ఫోను ఆపడానికో, అందుకుని మాట్లాడటానికో ఆయనకే తెలియదు. ఆ చెయ్యి అక్కడికి చేరకముందే భార్య అడ్డంగా వచ్చి నిలబడింది. ఆయన వైపు చూడలేదు. ఫోను మీదికి వంగి, మేనేజరు గొంతు ఇంకా స్పష్టంగా వినబడేట్టు శబ్దం పెంచింది.